మేయరుగారిని అడుగుట

మా తిరుపతిలో ఏ టీ అంగడి ముందు నిలిచినను, ఎవరు మేయరైనను, ఏ పార్టీవారైనను, వారి నిజాయితీని గూర్చిన తీర్పు గ్లాసు చల్లారకముందే వెలువడును. ఆ తీర్పునకు ఆధారమేమని అడిగినచో మాత్రము చెప్పినవాడు మనలనే అనుమానముగా చూచి, 'ఊరంతా తెలిసిందే గదా సామీ' అని లేచిపోవును. ఊరంతయు తెలిసినదానిని కాగితముపైకి తెచ్చుట ఒక విద్య. అది సాహసముకంటె గుమాస్తాతనమునకే ఎక్కువ దగ్గర గనుక కాబోలు, దానికి మన సభలలో దండలు పడవు.

ఇటీవల మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, సమాచార హక్కు చట్టము క్రింద ఒక నగరపాలక సంస్థకు తాను పంపిన దరఖాస్తును, దానికి వచ్చిన జవాబును నా చేతికిచ్చి, 'నేనడిగిందేంది, వీళ్లు రాసిందేంది, చూడండి సార్' అనిరి. ఆయన అడిగినది, మేయరుగారికి కాంట్రాక్టర్లతో గల సంబంధములెట్టివి, వారు నిజాయితీపరులేనా అని. వచ్చిన జవాబు, కోరిన సమాచారము కార్యాలయమున లభ్యము కాదని. జవాబు వ్రాసిన అధికారిని నేను తప్పుపట్టలేను. 2005 నాటి ఆ చట్టము కార్యాలయపు బీరువాలో నున్న కాగితమును ఇప్పించునే గాని, అధికారి మనస్సులోని అభిప్రాయమును ఇప్పించదు. మరి ఆ బీరువాలో ఏమేమి యుండునో తెలిసి అడుగవలెను. ఇద్దరమును కూర్చుండి దరఖాస్తును తిరిగి వ్రాసితిమి: ఫలానా ఆర్థిక సంవత్సరమున ఫలానా డివిజనులో చేయించిన కాలువ పనులకు టెండరు ప్రకటన, పోటీలో నిలిచినవారి పేర్లు, వారు వేసిన ధరల పట్టిక, కౌన్సిలు తీర్మానపు సంఖ్య, ఎం.బుక్కులో కొలతలు వ్రాసిన పుటలు, బిల్లు చెల్లించిన తేదీలు. టెండరు లేక నామినేషను మీద ఇచ్చిన పనులుండిన వాటి జాబితా వేరుగా. నిజాయితీ యను మాట ఆ కాగితమున ఎక్కడను లేదు. పది రూపాయల రుసుము, ముప్పది దినముల గడువు. ఏల అడుగుచున్నారో చెప్పవలసిన పనియు లేదు.

అట్లు వచ్చిన పేర్లను కంపెనీల రిజిస్టరులోని డైరెక్టర్ల పేర్లతోను, ఎన్నికలనాటి ఆస్తుల ప్రకటనతోను, సబ్‌రిజిస్ట్రారు కచేరిలో దొరకు, ఆస్తి చేతులు మారిన వివరము తెలుపు ఈ.సీ.తోను కలిపి చూచుట రెండవ అంకము. 1955 నాటి హైదరాబాదు నగరపాలక శాసనమే 1994 నాటి శాసనము ద్వారా మన నగరములకును వర్తించుచున్నది; సంస్థతో కుదిరిన కాంట్రాక్టునందు తానుగా గాని, భాగస్వామి ద్వారా గాని, ప్రత్యక్షముగనో పరోక్షముగనో వాటా గలవాడు కార్పొరేటరుగా ఉండ తగడని అందు నియమమున్నది. సంస్థ ప్రకటనలు వేసికొను పత్రికలో వాటా యుండుట మాత్రము దోషము కాదని ఆ శాసనమే మినహాయింపు నిచ్చినది. మా పత్రికావృత్తివారిపై శాసనకర్తలకు గల వాత్సల్యమునకు నమస్కారము. బావమరిది పేరిట నడచు కంపెనీ ఆ 'పరోక్షము'లోనికి వచ్చునా రాదా యనునది కోర్టులో తేలవలసినదే.

ఈ బావమరిది చిక్కు నేటిది కాదు. కాంచీపురమునకు సమీపమున నున్న ఉత్తరమేరూరులో, పరాంతక చోళుని కాలమున 919, 921 సంవత్సరములలో గుడిగోడపై చెక్కించిన సభానియమములలో, సభా సంఘములలో పనిచేసి లెక్క అప్పగించనివాడు తిరిగి ఎన్నికకు తగడని చెప్పి అంతటితో విడువక, వాని పెదతల్లి పినతల్లుల కొడుకులను, మేనత్త కొడుకులను, మామను, బావమరదిని, మేనల్లుని, అల్లుని వరుసగా పేర్కొని వారందరిని కూడ తొలగించిరి. చుట్టరికమును ఇంత సూక్ష్మముగా ఎరిగిన శాసనమును నేను మరియొకదానిని చూడలేదు. దొంగసొమ్ము ఏ ఇంటికి నడచునో ఆ సభవారికి తెలియును.

నేటి తిరుపతిలో ఆ సొమ్ము నడువగల బాటలలో ఒకటి టీ.డీ.ఆర్. (అభివృద్ధి హక్కుల బదిలీ) బాండు. మాస్టరుప్లాను రోడ్లకు స్థలము పోగొట్టుకొన్నవారికి నగదునకు బదులు ఈ బాండ్లిత్తురు. వానిని కొనిన బిల్డరు మరియొకచోట అదనపు అంతస్తు లేపుకొనును. వీనిపై ఆరోపణలు, వాని ఖండనలు మన పత్రికలను నింపినవి. నాకు వానికంటె బాండు విలువ కట్టిన కాగితముపైననే ఆసక్తి. ఆ నేలను పొలముగా లెక్కించిరా, ఇంటిస్థలముగనా, వాణిజ్యస్థలముగనా? గజమునకు ఏ ధర వేసిరి? బాండును కొన్నదెవరు? దానితో లేచిన అంతస్తు ఏ వీధిలో నున్నది? ఈ ప్రశ్నలను వేయుటకు ఏ పార్టీ కండువాయు అక్కరలేదు. ప్రభుత్వము మారినంతనే నోరు తెరచి, మరల మారినంతనే మూసికొను విమర్శకులు మా ఊరిలో కొల్లలు.

కౌన్సిలులోనే ఈ ప్రశ్నలు పుట్టవలెను గదా యందురు. 2021 ఎన్నికలలో చిత్తూరు ఏబది డివిజన్లలో 37 పోటీ లేకయే ఏకగ్రీవమైనవి. తిరుపతిలో ఎన్నిక ముగిసిన 49 డివిజన్లలో 48 ఒకే పార్టీకి దక్కినవి. అట్టి సభలో అజెండా అంశములు చదివినంత వేగముగా ఆమోదము పొందును. ఇంక చిత్తూరులో మేయరు, సొమ్ము అను రెండు మాటలను కలిపి పలుకుటకే కొందరు వెనుదీయుటకు కారణము వేరు. 2015 నవంబరు 17న మేయరు కఠారి అనురాధ, ఆమె భర్త మోహన్ నగరపాలక కార్యాలయముననే జరిగిన దాడిలో హతులైరి. ప్రధాన నిందితుడు మోహనుగారి మేనల్లుడే. మరణించినవారిపై దోషమారోపించుటకు దీనిని తలచుట లేదు. ఆ కార్యాలయపు మెట్లెక్కి లెక్క అడుగు సామాన్యుని గుండె ఎట్లుండునో చెప్పుటకే తలచితిని.

సామాన్యుడు జంకు చోట అడుగవలసినవారు పత్రికలవారే. కావుననే, కాగితములన్నియు కూడిన తరువాత చేయవలసిన చివరి పనిని మావారిలో పలువురు ఎగవేయుట నాకు నచ్చదు. ప్రశ్నలను వరుసగా వ్రాసి, అచ్చునకు ముందే మేయరుగారికి పంపి, వారికి వ్యవధి నిచ్చి, వారి జవాబును మూలకు నెట్టక ప్రశ్నలంత పొడవునను వేయవలెను. వారు నిర్దోషులైనచో ఆ ఒక్క కాగితముతోనే అంగడిలోని తీర్పు రద్దగును. కానిచో, ఆ కాంట్రాక్టరు కంపెనీతో తమకెట్టి సంబంధమును లేదని వారు చేసిన సంతకమును, ఈ.సీ.ని ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొనవచ్చును.