‘ప్రవాసాంధ్ర’ శబ్దవిమర్శనము

2011 జనాభా లెక్కలలో భారతదేశమున తెలుఁగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు 8 కోట్ల 11 లక్షల పైచిలుకు. వీరిలో తెలుఁగు రాష్ట్రములు దాటి యున్నవారిని, సముద్రము దాటి యున్నవారిని, అందఱిని గలిపి ‘ప్రవాసాంధ్రు’లని వ్రాయుట పత్రికలయందును సభలయందును పరిపాటియైనది. ఈ పదము ఉద్దేశించిన యర్థమును జెప్పుచున్నదా యని విచారింపవలసియున్నది.

మొదట రూపము. ప్రవాసియగు ఆంధ్రుఁడని విగ్రహము చెప్పినచో ‘ప్రవాస్యాంధ్రుఁడు’ కావలెను. ప్రవాసమందున్న ఆంధ్రుఁడని మధ్యమపదలోపము చెప్పుకొన్నచో వాడుకలోని రూపము నిలుచును. కావున దోషము రూపమున లేదు, అర్థమునఁ గలదు. ప్రవాసమనఁగా స్వస్థానమును విడిచి యన్యత్ర వసించుట. భర్త దూరదేశమున నున్న నాయికను ఆలంకారికులు ప్రోషితభర్తృక యనిరి. అతఁడు మరలివచ్చునను నెదురుచూపు ఆ పదమునందే యిమిడియున్నది. మరలిపోవుటకు వేఱొక యిల్లు లేనివానికి ప్రవాసమును లేదు.

పాణిని తద్ధితప్రకరణమున, నాలుగవ యధ్యాయము మూఁడవ పాదమున, నివాసము, అభిజనము అను రెండర్థములకు రెండు వేఱు సూత్రములు చేసెను. ఇప్పుడు వసించుచోటు నివాసమనియు, పూర్వులు వసించినచోటు అభిజనమనియు భాష్యకారుఁడు వివరించెను. స్రుఘ్నమున నున్నవాఁడును స్రౌఘ్నుఁడే. పూర్వులు స్రుఘ్నమున నుండినవాఁడును స్రౌఘ్నుఁడే. రూప మొకటియైనను అర్థములు రెండని యాచార్యుఁడు మఱవనీయలేదు.

దీనికి లౌకికోదాహరణము సంస్కృత ప్రథమాంతమును ఆంగ్లపదమును జేరి పేరైన హనుమాన్ జంక్షన్ పరిసరములనే దొరకును. నూజివీడు సీమ తోఁటలలో బంగినపల్లి మామిడి విరివిగాఁ గాయును. బంగినపల్లి నంద్యాల జిల్లాలోని యూరు. చెట్టు నూజివీటిది, పేరు బంగినపల్లిది. ఇది అభిజనమును బట్టిన పేరు. నూజివీడు 2022 వఱకు కృష్ణాజిల్లాలో నుండి పిమ్మట ఏలూరుజిల్లాలోఁ జేరినది. ఇల్లు కదలకయే యచ్చటివారు ఏలూరుజిల్లావారైరి. ఇది నివాసమును బట్టిన పేరు.

ఈ రెంటికిని జెందనిది భాష. స్పానిష్‌భాష స్పెయినునఁ బుట్టినను దాని నాడువారిలో నధికులు మెక్సికో మొదలగు అమెరికాదేశములవారు. ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీలోను నది రాజభాష. స్పెయిను దేశీయుఁడు స్పానియార్డు; ఆ భాషాసంస్కృతుల సంబంధము గలవాఁడు హిస్పానిక్; లాటిన్ అమెరికాకుఁ జెందినవాఁడు లాటినో. పోర్చుగీసు మాటలాడు బ్రెజిలువాఁడు లాటినో యగును గాని హిస్పానిక్ కాఁడు. స్పెయినువాఁడు హిస్పానిక్ అగును గాని సామాన్యముగా లాటినో యనఁబడఁడు. వాడుకలో నీ పదములు కొంత కలిసిపోవుచున్నను, మెక్సికోవానిని ‘ప్రవాస స్పానియార్డ’ని యెవఁడును అనఁడు.

తెలుఁగువారికి పరులు పెట్టిన పేరులును పరిశీలింపఁదగినవి. తమిళులు ఉత్తరపువారను నర్థమున వడుగరనిరి. పోర్చుగీసువారు అన్యమతస్థులకు వాడిన మాటనుండి ఆంగ్లేయులు ‘జెంటూ’ చేసిరి. 1776లో హాల్హెడ్ ప్రకటించిన ధర్మశాస్త్రసంగ్రహమున నది హిందువులను జెప్పఁగా, 1816 నాఁటి కాంబెల్ వ్యాకరణపు పేరులో తెలుఁగుభాషను జెప్పెను. బర్మాలో కోరంగి రేవు పేరున కోరంగీలైరి. మలయదేశమున కళింగశబ్దభవమగు ‘కెలింగ్’ భారతీయులందఱకును జెల్లి, తుదకు నిందావాచకమైనది. 1903 మొదలు మద్రాసు రేవునుండి ఫిజీ కేఁగినవారు తమిళులైనను తెలుఁగులైనను మద్రాసీలే. ఈ పేరులు పుట్టుకచే దిక్కునో, మతమునో, రేవునో, దేశమునో చెప్పినవి గాని భాషను జెప్పలేదు.

స్వీయనామమగు ఆంధ్రశబ్దమును నర్థము మార్చుకొన్నదే. ఐతరేయబ్రాహ్మణమున నది జాతినామము. 1053 నాఁటి నందంపూడి శాసనమున భాషానామము. 1953 అక్టోబరు 1 మొదలు రాష్ట్రనామము. 2014 జూన్ 2న తెలంగాణము వేఱు రాష్ట్రమైన పిమ్మట, ఖమ్మమునుండి అమెరికా కేఁగినవానిని ప్రవాసాంధ్రుఁడనుట నివాసమునకును జెల్లదు, అభిజనమునకును జెల్లదు. అతఁడు నిస్సందేహముగాఁ దెలుఁగువాఁడు.

ఇంతకంటె గొప్ప చిక్కు హోసూరు, మధుర, తంజావూరు సీమలయందుఁ గలదు. అచ్చటఁ దరతరములుగా నున్న తెలుఁగువారికి అదియే జన్మభూమి. వారిని ప్రవాసులనినచో, 17వ శతాబ్దిలో తంజావూరున రఘునాథనాయకుని యాస్థానమునఁ బుట్టిన విజయవిలాసము ప్రవాసకావ్యము కావలెను. తిరువారూరున జన్మించిన త్యాగరాజు (1767–1847) కృతులు ప్రవాసగీతములు కావలెను. ఇది యెవరికిని సమ్మతము కాదు. పూర్వుల విషయమున సమ్మతము కానిది నేఁటి హోసూరు బాలుని విషయమున నెట్లు సమ్మతమగును? మాతృభాషలోఁ బ్రాథమికవిద్య కల్పింపవలెనని రాజ్యాంగమున 1956లోఁ జేరిన 350-అ అధికరణము భాషాల్పసంఖ్యాకులను జెప్పుచున్నది, ప్రవాసులను గాదు. తనవారే యతనిని అతిథి యని పిలిచినచో ఆ హక్కు నడుగు నోరు కట్టువడును. దక్షిణాఫ్రికాకు ఒప్పందపు కూలీల రాక 1860లో మొదలైనది. వారి సంతతి యచ్చటి పౌరులు. ఆ దేశపు 1996 రాజ్యాంగము తాను గౌరవింపఁదగిన భాషలలో తెలుఁగును బేర్కొన్నది. అది పౌరుల భాషకుఁ జూపిన గౌరవము.

ప్రవాసశబ్దము బంధుత్వమును నిలుపుచున్నదని యొక సమాధానము చెప్పవచ్చును. బంధుత్వమును నిలుపునది భాష. దానికి ‘తెలుఁగువారు’ అను మాట చాలును. భాషను మఱచినను వంశమును దలఁచుకొను మారిషసు మొదలగు దేశములవారిని ‘తెలుఁగు వంశ్యు’లనవచ్చును. నివాసమును జెప్పవలసినచోట ఆంధ్రప్రదేశీయులు, తెలంగాణీయులు, హోసూరు తెలుఁగువారు అని స్పష్టముగా వ్రాయవచ్చును. ఉద్యోగమునకో చదువునకో పోయి, తిరిగివచ్చు తలంపు గలవారియందే ప్రవాసశబ్దము సార్థకము. ఈ వివేకమును బాఠ్యపుస్తకములు వ్రాయువారు మొదటఁ బాటింపవలెను. పేరు బాలుని చెవిఁ బడునది అచ్చటనే.