చిన్న వేదికపై నాయిస్ సంగీతం: రొద, రసం, శ్రోత – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
నాయిస్ సంగీతాన్ని ధ్వనిముద్రణల ఆధారంగా కాక, చిన్న క్లబ్బులో ఒక రాత్రి జరిగే ప్రత్యక్ష ప్రదర్శనగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1979 తరువాతి జపాన్ నాయిస్ బృందాలు ఇందుకు ఉదాహరణలు. గది, పరికరం, ప్రదర్శకుని శరీరం, శ్రోత అనే నాలుగింటి సంబంధాన్ని వివరించి, రససిద్ధాంతంలోని భయ–భయానక భేదం ఆధారంగా ఈ కళకు ఒక విలువనిర్ణయ ప్రమాణాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాయిస్ సంగీతం, ఫీడ్‌బ్యాక్, ప్రత్యక్ష ప్రదర్శన, జపాన్, భయానకరసం, శ్రోత.

1. ఉపోద్ఘాతం:
గీతం, వాద్యం, నృత్తం మూడూ కలిస్తే సంగీతమని 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం నిర్వచించింది. నాయిస్ ప్రదర్శనలో గీతం ఉండదు. శ్రుతిచేసిన వాద్యం అరుదు. తాళానికి కట్టుబడిన నృత్తం అసలే లేదు. అయినా శ్రోతలు టిక్కెట్టు కొని వస్తారు, నిలబడి వింటారు, ఒక ప్రదర్శన బాగుందనీ మరొకటి తేలిపోయిందనీ తీర్పు చెబుతారు. తీర్పు ఉన్నచోట ప్రమాణం ఉండక తప్పదు. ఆ ప్రమాణం ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇటలీకి చెందిన లుయీజీ రుస్సోలో 1913లోనే యంత్రయుగపు రొదలను సంగీతంలోకి ఆహ్వానించాడు, వాటిని పుట్టించే పరికరాలనూ నిర్మించాడు. ఏ శబ్దం సంగీతమో, ఏది రొదో నిర్ణయించడం అధికారంతో ముడిపడిన విషయమని ఫ్రెంచి ఆర్థికవేత్త జాక్ అత్తాలీ 1977లో వాదించాడు. ఈ ఆలోచనలు ప్రసిద్ధమైనవే. అయితే రొదను రాత్రంతా చెవులకూ ఒంటికీ ఎదురుగా నిలిపే ప్రదర్శనకళ ప్రత్యేకంగా ఎదిగింది మాత్రం జపాన్‌లోనే.

2. పేరు – నేపథ్యం:
తెలుగులో రొద, హోరు, మోత, సద్దు, చప్పుడు అనేవి పర్యాయపదాలు కావు. వానహోరు అన్నప్పుడు విసుగు ధ్వనించదు. డప్పులమోతలో ఉత్సాహం ఉంది. సద్దు అతి సన్నని శబ్దం కూడా కావచ్చు. రొద మాత్రం వినేవాని అయిష్టాన్ని తనలో మోస్తుంది. జపనీయులు కూడా ఇటువంటి భేదాన్నే పాటించారు. వీధిలోని అవాంఛిత శబ్దానికి 'సోఓన్' అనే మాట ఉండగా, ఈ సంగీతానికి ఆంగ్లపదాన్ని 'నోయిజు'గా మార్చుకొని వాడారు. ఫిర్యాదు చేయవలసిన శబ్దం ఒకటి, కోరి వినే శబ్దం మరొకటి.

యుద్ధానంతర జపాన్‌లో జాజ్ కాఫీ కొట్లు ఉండేవి. అక్కడ మాటలు కట్టిపెట్టి, ఖరీదైన స్పీకర్ల ముందు కూర్చొని రికార్డులు వినడం ఆచారం. చిన్నగదిలో, గట్టి శబ్దంతో, ఏకాగ్రంగా వినే అలవాటు అలా ఏర్పడింది. 1979లో మసామి అకిటా 'మెర్జ్‌బౌ' పేరుతో పని మొదలుపెట్టాడు. అదే ఏడాది కాన్సాయ్ ప్రాంతంలో 'హిజోకైదాన్' బృందం పుట్టింది. ఆ బృందంలోనూ ఉన్న తోషిజి మికావా 1981లో 'ఇన్‌కెపాసిటెంట్స్' ప్రారంభించాడు. తరువాత ఫుమియో కోసకై అతనితో చేరాడు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, మరొకరు ప్రభుత్వోద్యోగి కావడం ఈ కళాచరిత్రలో తరచు చెప్పుకునే విషయం. వారి కళకు జీవనోపాధి కావలసిన అగత్యం లేదు. అందువల్ల శ్రోతను బుజ్జగించవలసిన అగత్యమూ లేకపోయింది.

3. గదియే వాద్యం:
వేదికపై కనిపించేది సాధారణంగా ఒక బల్ల. దానిమీద మిక్సర్, గిటారుకు వాడే ఎఫెక్ట్ పెడళ్లు, లోహపు రేకులకు అతికించిన కాంటాక్ట్ మైకులు, చిక్కుపడిన తీగలు ఉంటాయి. స్పీకరు నుండి వచ్చిన ధ్వని మైకులో పడి, పెరిగి, మళ్లీ స్పీకరు నుండి వెలువడితే ఫీడ్‌బ్యాక్ పుడుతుంది. పెళ్లిపందిట్లో మైకు కీచుమన్నప్పుడు అందరూ చెవులు మూసుకునేది దీనికే. సభలో దోషమైనది ఇక్కడ మూలధాతువు.

ఈ ధాతువు గదిపై ఆధారపడుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పయనిస్తుంది. మైకు, స్పీకర్ల మధ్య 1 మీటరు దూరముంటే సుమారు 343 హెర్ట్జ్‌ల ఎడంతో ఉండే పౌనఃపున్యాలలో ఏదో ఒకటి మోగుతుంది. దూరం 2 మీటర్లయితే ఆ ఎడం సగానికి తగ్గుతుంది. ప్రదర్శకుడు అడుగు కదిపితే స్థాయి మారుతుంది. 5 మీటర్ల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య సుమారు 34 హెర్ట్జ్‌ల దగ్గర గాలి స్థిరతరంగంగా ఊగుతుంది. శబ్దం గట్టిగా ఉంటే దానిని చెవితోపాటు ఛాతీ కూడా గుర్తిస్తుంది. గదిలో నిండిన మనుషులు పైస్థాయి ధ్వనులను పీల్చుకుంటారు కనుక ఖాళీ గదిలో సరిచూసుకున్న శబ్దం ప్రదర్శనవేళకు మిగలదు. ఈ కారణంగానే చిన్నక్లబ్బు నాయిస్‌కు తాత్కాలిక ఆశ్రయం కాదు. అది వాద్యంలో ఒక భాగం. శ్రోత తన దేహంతోనే ఆ వాద్యంలో చేరుతున్నాడు.

ఇన్‌కెపాసిటెంట్స్ ప్రదర్శనలలో ఇద్దరి శరీరాలూ వణకుతూ, ఊగుతూ ఉంటాయి. ఇది పూనకంలా కనిపించినా చేతులు మీటల మీదనుండి తొలగవు. ధ్వని తమను ఎటు లాగుతున్నదో విని, దానిని మరో దిశకు తిప్పే ప్రయత్నం కొనసాగుతుంది. పట్టు సాధించడం, దానిని జారవిడవడం అనే రెండింటి మధ్య ఉన్న ఆ ఉద్రిక్తతయే ప్రదర్శనకు అంతర్నిర్మాణం. రాగతాళాలు లేవు కాని, వినికిడి ఉంది.

4. భయం – భయానకం:
భయం స్థాయిభావం. అది రసస్థితిని పొందితే భయానకం. ప్రేక్షకుడు భయాన్ని ఆస్వాదించగలగడానికి అది లౌకికమైన భయం కాకపోవడమే కారణం. నాటకంలోని పులి ప్రేక్షకుని మీదికి దూకితే మిగిలేది రసం కాదు, పరుగు.

ఈ గీటురాయిపై 1985లో టోక్యో సూపర్‌లాఫ్ట్‌లో జరిగిన 'హనతరాష్' ప్రదర్శనను పరీక్షించవచ్చు. ఏ గాయమైనా బాధ్యత తమదేనని ప్రేక్షకుల చేత ముందుగా సంతకాలు చేయించారు. తరువాత యమత్సుకా ఐ మట్టితవ్వే యంత్రాన్ని నడుపుతూ హాలు గోడను పగలగొట్టాడు. ఈ సంఘటన నాయిస్ చరిత్రలో ఒక పురాణగాథగా నిలిచింది. అయితే దానిని తలచుకునేవారు యంత్రం గురించి చెబుతారే గాని ధ్వని గురించి చెప్పరు. రొద అక్కడ సాహసకృత్యానికి నేపథ్యంగా దిగజారింది. సంతకం ప్రేక్షకుణ్ణి రక్షించలేదు, నిర్వాహకులను మాత్రమే రక్షించింది.

ఇదే తర్కం ధ్వనితీవ్రతకూ వర్తిస్తుంది. ప్రదర్శనశాలల్లో సగటు ధ్వని 100 డెసిబెళ్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. అమెరికా జాతీయ వృత్తిభద్రతా, ఆరోగ్య సంస్థ (NIOSH) సిఫారసు ప్రకారం ఆ స్థాయికి రోజులో 15 నిమిషాలే సురక్షితం. చెవికి కలిగే నష్టం ప్రతీకాత్మకం కాదు, అది మరునాటికి మాసిపోని లౌకికసత్యం. చెవిలో ఇయర్‌ప్లగ్గు పెట్టుకున్న శ్రోతను పిరికివాడనుకోవడం పొరపాటు. భయాన్ని భయానకంగా నిలుపుకోవడానికి అవసరమైన దూరాన్ని అతడు పాటిస్తున్నాడు. ఆ రక్షణ తరువాత కూడా మిగిలేదేదో అదే ప్రదర్శన అసలు బలం.

5. తక్కువ శబ్దపు సాక్ష్యం:
నాయిస్ అంటే కేవలం తీవ్రతే అనేవారికి టోక్యోలోనే సమాధానం దొరికింది. 2000 నుండి 2005 వరకు నడిచిన 'ఆఫ్ సైట్' అనే చిన్నవేదిక చుట్టూ ఇళ్లుండేవి. గట్టిగా వాయించే వీలు లేక అక్కడి కళాకారులు వినీవినబడని ధ్వనులవైపు మళ్లారు. తోషిమారు నకమురా మిక్సరు నుండి వెలువడే సంకేతాన్ని తిరిగి దానిలోకే పంపి, బయటి ధ్వని ఏదీ లేకుండా వాయించాడు. అదీ ఫీడ్‌బ్యాకే. అక్కడ రొద సద్దుగా మారింది, వినికిడి మాత్రం మరింత పదునెక్కింది.

ఇష్టంగా వింటే అది రొద ఎలా అవుతుందన్న ఆక్షేపణ ఒకటుంది. నాయిస్ ఒక ప్రక్రియగా స్థిరపడగానే విఫలమవుతుందని పాల్ హెగార్టీ 2007లోని గ్రంథంలో చర్చించాడు. డిస్కు విషయంలో ఇది చాలావరకు నిజం, ఎందుకంటే రెండోసారి వినేటప్పుడు ఏది ఎప్పుడు వస్తుందో తెలిసిపోతుంది. ప్రత్యక్ష ప్రదర్శనలో మాత్రం గది, జనం, తీగల అమరిక ప్రతి రాత్రీ మారతాయి గనుక అపరిచితత్వం పూర్తిగా అంతరించదు.

6. ముగింపు:
1. నాయిస్ ప్రదర్శనలో చిన్నగది ధ్వనినిర్మాణంలో భాగం. పెద్ద సభాస్థలికి మారితే కృతి స్వభావమే మారుతుంది.
2. తీవ్రత, విధ్వంసం ఈ కళకు సాధనాలు కావచ్చు గాని ప్రమాణాలు కావు. హనతరాష్, ఆఫ్ సైట్ ఉదాహరణలు రెండు వైపుల నుండీ దీనిని నిరూపిస్తున్నాయి.
3. ప్రదర్శకుడు తాను పుట్టించిన రొదను ఎంత శ్రద్ధగా వింటున్నాడన్నది విలువనిర్ణయానికి మొదటి ప్రమాణం. శ్రోతకు లౌకికహాని కలగకుండా భయాన్ని రసస్థితికి చేర్చగలిగాడా అన్నది రెండవది.
4. ఈ రెండు ప్రమాణాలకూ వినికిడియే మూలం. వినే చెవిని చెడగొట్టే నాయిస్ తన ఏకైక ఆధారాన్ని తానే నరుక్కుంటుంది.