యానాం పెట్రోలు, మురమళ్ళ బండి

కోనసీమలోని మురమళ్ళలో బండి ఉన్నవారికి పెట్రోలు రెండు ధరల్లో దొరుకుతుంది. ఇటువైపు బంకులో కొట్టిస్తే ఆంధ్రప్రదేశ్ ధర. 216వ జాతీయ రహదారి మీద ఎదుర్లంక దాకా వెళ్లి, గౌతమీ గోదావరి మీద వంతెన దాటితే యానాం ధర. ఇటీవలి సంవత్సరాల్లో ఈ రెంటి మధ్య లీటరుకు పది రూపాయలకు పైగానే తేడా ఉంటోంది. రోజూ బండి మీద బతికేవాడికి ఇది చిన్న మొత్తం కాదు. కానీ ఆ తేడా ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది కాగితం మీద లెక్క వేస్తే తప్ప తెలియదు.

ముందు ధర సంగతి. బంకులో చెల్లించే ప్రతి రూపాయిలో నాలుగు వాటాలు ఉంటాయి: ముడిచమురు, శుద్ధి, రవాణా ఖర్చు ఒకటి, కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం రెండు, బంకు యజమాని కమీషన్ మూడు, రాష్ట్రం వేసే వ్యాట్ నాలుగు. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తేసింది. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజువారీ ధరల పద్ధతి వచ్చింది. 2020లో ఎక్సైజ్ సుంకం బాగా పెరిగింది. తర్వాత 2021 నవంబరులో లీటరుకు 5 రూపాయలు, 2022 మేలో 8 రూపాయలు తగ్గింది. కోనసీమ నేలలోంచే గ్యాసు, చమురు వస్తున్నాయి. తాటిపాకలో ఓఎన్‌జీసీకి చిన్న రిఫైనరీ కూడా ఉంది. అయినా ఆ దగ్గరితనం వల్ల ఇక్కడి బండికి ధర పైసా తగ్గదు. ముడిచమురు ధర ప్రపంచ మార్కెట్‌లో నిర్ణయమవుతుంది, పన్నులు ఢిల్లీలోనూ అమరావతిలోనూ నిర్ణయమవుతాయి.

యానాం తేడా దాదాపు అంతా నాలుగో వాటాలోనే ఉంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలు, డీజిల్ దాని బయటే ఉండిపోయాయి. అందుకే వాటి మీద ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్ పెట్రోలుపై 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రోడ్ల కోసం మరో రూపాయి సెస్సు వసూలు చేస్తూ వచ్చింది. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండి, ఆ తర్వాత పుదుచ్చేరిలో భాగమైంది. అక్కడి వ్యాట్ తక్కువ. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు పుదుచ్చేరి కూడా తన పన్ను తగ్గించింది, ఆంధ్రప్రదేశ్ తగ్గించలేదు. దాంతో ఎడం ఇంకా పెరిగింది. ఒకప్పుడు ఎదుర్లంక రేవులో ఏరు దాటడమే ఒక పని. ఆ ఊరి బిడ్డ, లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టిన వారధి వచ్చాక, అవతలి ఒడ్డు ధర ఇవతలి ఒడ్డు వారికి రోజువారీ విషయం అయింది.

ఇక లెక్క. ఇవతల లీటరు 110, యానాంలో 97 రూపాయలు అనుకుందాం. తేడా 13. బండి లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందనీ, పెట్రోలు కోసమే రానూపోనూ 20 కిలోమీటర్లు తిరగాలనీ అనుకుందాం. ఆ ప్రయాణానికి 400 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. యానాం ధరలోనే వేసుకున్నా దాని విలువ దాదాపు 39 రూపాయలు. అంటే మూడు లీటర్లు కొట్టిస్తే వచ్చిన లాభం దారిలోనే పోయింది. ఎనిమిది లీటర్ల ట్యాంకు నింపితే మిగిలేది 65 రూపాయలు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు అదే దూరం 121 రూపాయల ఖర్చు. తొమ్మిది లీటర్ల పైన పోయిస్తేనే లాభం మొదలవుతుంది. 30 లీటర్లు పోయిస్తే 270 రూపాయల దాకా మిగులుతుంది.

ఈ లెక్కలో అందరికంటే నష్టపోయేది బంకులో వంద రూపాయల నోటు ఇచ్చేవాడు. కూలి డబ్బులు చేతికొచ్చిన రోజున వందకు కొట్టించుకునేవాళ్లు కోనసీమలో చాలామంది. ఆ వందకు ఇవతల 900 మిల్లీలీటర్లకు పైగా వస్తుంది. యానాంలో లీటరు దాటి వచ్చినా, ఇంటికి చేరేసరికి మిగిలేది 630 మిల్లీలీటర్లే. పావు లీటరుకు పైగా పోయినట్టు. కాబట్టి యానాం చవక నిజంగా కలిసొచ్చేది వేరే పని మీద ఎలాగూ వంతెన దాటేవారికే. కాకినాడలో ఉద్యోగం చేసేవారు, ఆసుపత్రికీ కాలేజీకీ వెళ్లేవారు, మురమళ్ళ వీరేశ్వరస్వామి నిత్య కల్యాణం చేయించుకోవడానికి కాకినాడ వైపు నుంచి కార్లలో వచ్చేవారు దారిలోనే ట్యాంకు నింపుకుంటే ప్రతి రూపాయీ లాభమే. ఊళ్లో ఉండేవారు మాత్రం యానాంలో పని పడిన రోజునే నింపుకోవాలి, పెట్రోలు కోసమని బయల్దేరకూడదు.

డబ్బాల్లో, సీసాల్లో తెచ్చి ఇంట్లో దాచుకోవడం అన్నిటికంటే చెడ్డ పొదుపు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. నేల వెంట పాకి పొయ్యి దాకా వెళుతుంది. తాటాకు కప్పు, కొబ్బరి డొక్కలు, వంటింటి పొయ్యి పక్కపక్కనే ఉండే ఇళ్లలో ఆ ప్రమాదం వంద రూపాయల లాభంతో తూగేది కాదు. తెచ్చి అమ్మడం నేరం కూడా. పెట్రోలు ఉండాల్సిన చోటు బండి ట్యాంకు ఒక్కటే.

ధర మన చేతిలో లేకపోయినా బంకు దగ్గర చూసుకోవాల్సినవి ఉన్నాయి. మీటరు సున్నా నుంచి మొదలైందో లేదో చూడాలి. కొలత మీద అనుమానం ఉంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు ప్రతి కొనుగోలుదారుకూ ఉంది. ప్రతి బంకులో ఆ పాత్ర ఉండి తీరాలి. కల్తీ అనుమానం ఉంటే ఫిల్టర్ పేపరు పరీక్ష అడగవచ్చు. తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ వస్తుందన్న మాటలో పస లేదు. పెట్రోలు నిలవుండేది నేల లోపలి ట్యాంకులో, అక్కడి వేడి పగలు రాత్రి పెద్దగా మారదు. వందకు బదులు నూట పది కొట్టించినా కొలత మారదు.

ఇంతకంటే పెద్ద పొదుపు బండి నడిపే చేతిలో ఉంది. దాన్ని పట్టుకోవాలంటే ముందు మైలేజి తెలియాలి. ట్యాంకు నిండా పోయించి కిలోమీటరు రీడింగు రాసుకోవాలి. మళ్లీ నిండా పోయించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగిస్తే అసలు మైలేజి వస్తుంది. లీటరు ధరను మైలేజితో భాగిస్తే కిలోమీటరు ఖర్చు వస్తుంది. 110 రూపాయల లీటరుతో 50 ఇచ్చే బండికి కిలోమీటరుకు 2 రూపాయల 20 పైసలు. అదే బండి 40కి పడిపోతే 2 రూపాయల 75 పైసలు. ఆ నష్టం లీటరు ధర 27 రూపాయల 50 పైసలు పెరిగినదానితో సమానం. యానాం ఇచ్చే తేడాకు ఇది రెట్టింపు కన్నా ఎక్కువ.

మైలేజి తినేసేవాటిలో మొదటిది వేగం. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరిగేది కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది. గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నడపమని పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్ఏ ఏళ్ల తరబడి చెబుతోంది. రెండోది కుదుపు. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పి వెంటనే బ్రేకు వేయడమంటే, కొన్న పెట్రోలును బ్రేకు లైనర్ల మీద వేడిగా పోగొట్టడమే. ముందున్న గుంతను, అడ్డొచ్చే గేదెను, మలుపును దూరం నుంచే చూసి చేయి వదిలేసేవాడికి బ్రేకు తక్కువ పడుతుంది. ఏటిగట్టు దారుల్లో, పంచాయతీ రోడ్ల మీద ఈ చూపే సగం పొదుపు. క్లచ్ నొక్కిపట్టి నడపడం, తక్కువ గేరులో రేజ్ చేయడం, అమలాపురం గడియార స్తంభం దగ్గర బండ్లు ఆగినప్పుడు ఇంజను ఆన్‌లోనే ఉంచడం కూడా ఇలాంటి నష్టాలే.

రెండో పక్క బండి సంరక్షణ. చక్రాల్లో గాలి తగ్గితే టైరు నేలకు ఎక్కువగా అంటుకుని ఇంజను మీద భారం పెరుగుతుంది. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక్కో పౌండు గాలి తగ్గితే మైలేజి 0.2 శాతం పడిపోతుంది. పది పౌండ్లు తగ్గితే రెండు శాతం. గాలి చూసుకోవడం పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పంక్చరు షాపులో రెండు నిమిషాల పని. ఎండిన చైను, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, పట్టేసిన బ్రేకు కూడా ఇలాగే తింటాయి. మేత బస్తాలూ కొబ్బరికాయలూ మోసే బండ్ల టైర్లకు, కంపెనీ పుస్తకంలో బరువుకు తగ్గట్టు చెప్పిన గాలి పెట్టాలి. కొబ్బరి దింపు లేని రోజున గెలల కోసం బిగించిన ఇనుప స్టాండు తీసేస్తే ఆ బరువూ తగ్గుతుంది.

ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. పాత ఇంజన్ల ద్విచక్ర వాహనాలకు మూడు నాలుగు శాతం, కార్లకు ఆరేడు శాతం మైలేజి తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వరద రోజుల్లో లంక ఊళ్లలో బండ్లు నీళ్లలో నిలిచే కోనసీమలో ట్యాంకు మూత రబ్బరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం మరీ అవసరం.

అన్నిటికన్నా పెద్ద పొదుపు తిరగని కిలోమీటరు. ముమ్మిడివరంలో బ్యాంకు, మందుల షాపు, ఎరువుల కొట్టు పనులు మూడు రోజులు కాక ఒకే రోజు చూసుకోవచ్చు. అమలాపురం వెళ్లే ఇద్దరు ఒకే బండి మీద వెళ్లవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఇంట్లో ఒకరి ప్రయాణం బస్సుకు మారితే ఆ ఇంటి పెట్రోలు ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది. రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్ల లోపే తిరిగేవారికి విద్యుత్ స్కూటరు కూడా సరిపోతుంది. వంద కిలోమీటర్లకు దానికి పట్టేది మూడు నాలుగు యూనిట్లు. ఇంటి కరెంటు పైశ్లాబులో కూడా యూనిట్ దాదాపు 10 రూపాయలే కాబట్టి ఖర్చు 40 రూపాయల చుట్టూనే ఉంటుంది, అదే దూరానికి పెట్రోలు బండికి 220 అవుతుంది. అయితే కొనే ధర, బ్యాటరీ మార్పిడి ఖర్చు, సర్వీసు ఎంత దూరంలో ఉందన్నది ముందే లెక్క వేసుకోవాలి.

ఈ లెక్కలు అందరికంటే ఎక్కువ అవసరమయ్యేది షేర్ ఆటో నడిపేవాడికి. అతని ఛార్జీ దారి వెంట మామూలుగా నడిచే రేటు, దాన్ని ఒక్కడే పెంచలేడు. పెట్రోలు, డీజిల్ పెరిగిన రోజున ఆ భారం అతని ఇంటి కూడు మీదే పడుతుంది. కిలోమీటరుకు నలభై పైసలు తగ్గించగలిగితే, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే ఆటోకు నెలకు 1200 రూపాయలు ఇంట్లో మిగులుతాయి.