మాయల ఫకీరు ఎవరు?

జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో బీడీలు చుట్టుకునే తల్లి, మగ్గాల ఇంటి తల్లి, పసివాడు రాత్రిపూట జడుసుకుంటే దర్గా కాడికి తీసుకుపోయేది. ఫకీరు ఊదు పొగ వేసి, నెమలీకల కట్టతో తల నిమిరి, తాయెత్తు కట్టేవాడు. నీ కులమేందని, మతమేందని అడిగేది లేదు. వేములవాడ రాజన్నకు కోడెను కట్టిన చేతులే ఆ గుడి ఆవరణలోని దర్గాలో తరతరాలుగా మొక్కు చెల్లించాయి. అదే పసివాడు అన్నం తిననని మారాం చేస్తే మాత్రం 'మాయల ఫకీరు వస్తాడు' అని బెదిరించారు. జడుపు తీసేవాడూ ఫకీరే, జడిపించేవాడూ ఫకీరేనా? ఈ రెండో ఫకీరును ఎవరు తయారుచేశారు?

బాలనాగమ్మ కథలో ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోయే మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. అతని పేరు మాయల మరాఠీ. 1942లో జెమిని వారు తీసిన సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసిన పాత్ర ఇదే. బాలనాగమ్మ వాకిట్లోకి అతను వచ్చింది జంగమదేవర వేషంలో. అయినా 'మాయల జంగమయ్య' అని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. భిక్షమెత్తుకునే జంగముల తప్పేముంది?

ఇదే కథను మేరీ ఫ్రేర్ 1868లో 'ఓల్డ్ డెక్కన్ డేస్'లో అచ్చువేసింది. చెప్పినామె అన్నా లిబరాటా డిసౌజా అనే క్రైస్తవ ఆయా. అందులో రాకుమారి పేరు బల్నా, మాంత్రికుడి పేరు పంచ్‌కిన్. అతను ఫకీరునని చెప్పుకుని వస్తాడు. నిజానికి ఫకీరు కాదని కథే చెబుతుంది. రెండు చోట్లా వేషమే. జంగం వేషం వేషంగానే మిగిలింది. ఫకీరు వేషం మాత్రం పేరై అంటుకుంది. మా పేచీ ఇక్కడే.

ప్రాణం బయట దాచుకునే రాక్షసుడు ఏ ఒక్క మతం సొత్తూ కాదు. నార్వే కథలో వాడి గుండె దీవిలోని చర్చిలో, బావిలో, బాతు కడుపులోని గుడ్డులో ఉంటుంది. ఫ్రెంచివాడు పెరో 1697లో అచ్చువేసిన కథల్లో పిల్లల్ని తినే రాక్షసుణ్ణి 'ఓగర్' అన్నాడు. ఆ మాట హంగేరీవాళ్ల పేరు నుంచే పుట్టిందని యూరప్‌లో కొందరు పండితులు వాదించారు. పాతాళ దేవత ఓర్కస్ పేరు నుంచి వచ్చిందనే వాదనకే బలం ఎక్కువ. రాక్షసుడికి పొరుగువాడి పేరు తగిలించే అలవాటు అక్కడా ఉందన్నమాట. మన 'మరాఠీ' వెనక కూడా చౌత్ వసూళ్ల నాటి జ్ఞాపకం ఉందేమో ఆలోచించాలి.

మేమేం తక్కువ తినలేదు. ఉర్దూ దాస్తాన్లు మా ఇళ్లలో ఇష్టంగా చదువుకున్నవే. 1883 నుంచి లక్నోలో అచ్చయిన 'తిలిస్మె హోష్‌రుబా'లో అఫ్రాసియాబ్ వంటి జాదూగరులంతా ఇస్లాంకు అవతలి వాళ్లే. ఆ పుటలు చదివి వాహ్వా అన్న మేము, అవతలివాణ్ణి మాంత్రికుణ్ణి చేసిన పాపం ఒక్కరిదే అనలేం.

కానీ కథ పుస్తకంలో ఉండటం వేరు, బజార్లోకి రావడం వేరు. 1992 డిసెంబర్ 6 తర్వాత గడ్డాన్నీ టోపీనీ చూసే చూపు మారింది. బడికి పోయే మా పిల్లవాణ్ణి 'ఏరా మాయల ఫకీరూ' అని పిలిస్తే అది బాలనాగమ్మ కథ కాదు. 'మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు' అని పత్రికల్లో రాసినవాళ్లలో మేమూ ఉన్నాం. సామెతే కదా అనుకున్నాం. ఆ సామెతతో ఎవరి తాతను రాక్షసుణ్ణి చేస్తున్నామో తట్టలేదు.

కథను నిషేధించమని మేం అనడం లేదు. బాలనాగమ్మ పద్నాలుగేళ్ల పట్టుదల మాకూ కావాలి, చిలకను పట్టి తెచ్చిన బాలవర్ధి మాకూ బిడ్డే. అడిగేదొక్కటే: మాంత్రికుణ్ణి మాంత్రికుడనే పిలవండి. జడుసుకున్న మీ బిడ్డకు తాయెత్తు కట్టిన ఫకీరు పేరు ఆయనకే వదిలేయండి.