కడగని డబ్బాలు

పురుగులు పెంచేవాళ్లకి డబ్బాలు కడగడం కంటే కష్టమైన పని ఒకటుంది. కడక్కుండా ఉంచడం. ఏళ్లు గడిచినా రెక్కల పురుగు బయటికి రాని డబ్బాని ఎవరైనా పారేస్తారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో కీటక శాస్త్రజ్ఞుడు జెర్రీ పావెల్ పారేయలేదు.

ఆయన దాచినవి నైరుతి అమెరికా ఎడారుల్లో పెరిగే యక్కా మొక్క కాయలు. వాటి కండలో ప్రొడాక్సస్ వై-ఇన్వర్సస్ అనే చిన్న శలభం పురుగులున్నాయి.

యక్కా దగ్గరికి రెండు రకాల శలభాలొస్తాయి. టెగెటిక్యులా జాతివి పనిమంతులు. తల్లి పుప్పొడిని ఉండ చుట్టి తల కింద పెట్టుకుని మరో పూవుకి ఎగిరిపోతుంది. అక్కడ అండాశయంలో గుడ్లు పెట్టి, కీలాగ్రం మీదికెక్కి పుప్పొడి కూరుతుంది. పిల్లలు కొన్ని గింజలు తింటాయి, మిగతావి మొక్కకి. 1870ల్లో కీటక శాస్త్రజ్ఞుడు చార్లెస్ రైలీ ఈ సంగతి చెబితే చాలామంది నమ్మలేదు.

ప్రొడాక్సస్ మాత్రం పందిరి వేసేటప్పుడు కనబడదు, విస్తళ్లు వేసేసరికి హాజరు. పుప్పొడి ముట్టదు. దాని పిల్ల కాయ కండ తిని, అక్కడే గట్టి గూడు కట్టుకుని పడుకుంటుంది. గొంగళి దశలోనే, తిండీ నీళ్లూ లేకుండా.

సోమరితనం అనుకుంటే పొరపాటు. యక్కా ఏటా పూయదు. పూలు లేని వసంతంలో రెక్కలొస్తే గుడ్లు పెట్టేందుకు చోటే ఉండదు, రెక్కలొచ్చాక బతికేదీ కొద్ది రోజులే.

మన దగ్గర మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు దసలి పట్టు రైతులకీ ఈ ఎదురుచూపు కొత్త కాదు. విత్తనానికి దాచిన పట్టుకాయల్లో ప్యూపాలు వేసవంతా నిద్రపోయి, వానలతో లేస్తాయి. అయితే అది నెలల లెక్క, తొలకరి గడువు తెలిసిన లెక్క. పావెల్ దగ్గర గడువే లేదు. పెంపకం పుస్తకాలు మేత గురించీ తేమ గురించీ ఎంతైనా చెబుతాయి గానీ, చచ్చినట్టున్న దాన్ని ఎన్నాళ్లు ఉంచాలో చెప్పవు.

16, 17 ఏళ్లకి డబ్బాల్లోంచి శలభాలు గుంపుగా బయటికొచ్చాయని 1989లో ఆయన రాశారు. మిగిలిన కాయల్ని అప్పుడు కూడా పారేయలేదు. 2001లో మరో పత్రం వచ్చింది: 20 ఏళ్లకి కొన్ని, 25కి కొన్ని, 30 ఏళ్లకి ఇంకొన్ని.