చెవికి వినబడు హత్య

నేరస్థుల జీవితము తెరకెక్కుట టాకీలతో ప్రారంభమైనది కాదు. 1912 లోనే దర్శకుడు గ్రిఫిత్ 'ది మస్కెటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ' యను చిన్న మూకీచిత్రమున న్యూయార్కు పేదవాడల రౌడీలను చూపి, వారిని గోడవెంట నొదిగి నడిపించుచు, నాయకుని మొగము తెరనిండ నగపడునట్లు కెమెరా చెంతకు రప్పించెను. 1927 లో వాన్ స్టెర్న్‌బెర్గ్ తీసిన 'అండర్‌వరల్డ్'కు కథనిచ్చిన బెన్ హెక్ట్, షికాగోలో పత్రికావిలేఖరిగ పనిచేసినవాడు, తొలి ఆస్కార్ బహుమతులలోనే కథకుగాను సత్కృతుడయ్యెను. అయినను గ్యాంగ్‌స్టర్ చిత్రమని మనమిప్పుడు గుర్తించు రూపము 1931, 1932 సంవత్సరములలో వెలువడిన మెర్విన్ లెరాయ్ 'లిటిల్ సీజర్', విలియం వెల్‌మన్ 'ది పబ్లిక్ ఎనిమీ', హవర్డ్ హాక్స్ 'స్కార్‌ఫేస్' అను మూడింటిచేత స్థిరపడినది.

1920 జనవరిలో అమెరికాలో అమలులోనికి వచ్చిన మద్యనిషేధము త్రాగుడును మాన్పజాలక, దొంగసారాను మహావాణిజ్యముగ మార్చెను. 1929 ఫిబ్రవరి 14 న షికాగోలో ఏడుగురిని గోడకు నిలిపి కాల్చిచంపిన వార్తను చదివిన ప్రేక్షకునకు ఈ కథలు కల్పనలుగ తోపలేదు. పేదవాడలో పుట్టిన కుర్రవాడు చిల్లరదొంగతనములతో మొదలిడి, ముఠానాయకుని త్రోసి తానాస్థానమెక్కి, కొత్తసూటును కొత్తకారును సంపాదించి, తుదకు దిక్కులేని చావు చచ్చుటయే యితివృత్తము. వాడు కూలునని మొదటి రీలులోనే మనకెఱుక. ఐనను వాని యారోహణమున కుతూహలము సడలదు. మన లాక్షణికులు ప్రతినాయకునకు చెప్పిన లోభము, ఔద్ధత్యము, పాపవర్తనము ఇచట నాయకునికే దక్కినవి. 'ది పబ్లిక్ ఎనిమీ'లో దర్జీ యెదుట నిలిచి కొలతలిచ్చు జేమ్స్ కాగ్నీ మురిపెమును చూచితిమేని, వాని పట్టాభిషేకమదేయని తెలియును.

ఇంతకును ఈ చిత్రములకు ప్రాణము శబ్దము. తుపాకిమ్రోతయు, మలుపులలో కార్లు చేయు కీచురవమును, వీధిభాషలోని దురుసును మూకీకందనివి. అట్లు క్రొత్తగ చేజిక్కిన శబ్దమును ఈ దర్శకులు ఘోరమును కంటికి మఱుగుచేయుటకు వాడుకొనిరి; నా దృష్టిలో వారి ఘనతయంతయు నిందేయున్నది. 'ది పబ్లిక్ ఎనిమీ'లో, తనను చిన్ననాడు దొంగతనమునకు దింపి మోసగించినవానిని కాగ్నీ చంపు ఘట్టమున, ఆ మోసగాడు ప్రాణభిక్షకై పియానో వాయించుచు పాతపాట పాడుచుండగా, కెమెరా మెల్లగ ప్రక్కకు తిరిగి వాకిట నిలిచిన మిత్రుని చూపును. గుండు పేలుటయు, పియానోమెట్లమీద దేహము పడి స్వరములపస్వరములగుటయు మనము వినుటయే. లోకమేమో కాగ్నీ ప్రియురాలి మొగమున పండుముక్క నదిమిన దృశ్యమునే గుర్తుంచుకొన్నది! 'స్కార్‌ఫేస్'లో బౌలింగాటయందు బోరిస్ కార్లాఫ్ బంతిని దొర్లించినంతనే తుపాకులు మ్రోగును. కెమెరా వానిని విడిచి బంతివెంట పోగా, కొయ్యలన్నియు పడి, మిగిలిన యొక్కకొయ్య గిరగిర తిరిగి కూలును. రంగమున వధను చూపరాదని విధించిన మన ప్రాచీనులు దీనిని మెచ్చియుందురు.

సెన్సారు అధికారులు మెచ్చలేదు. 'స్కార్‌ఫేస్'కు జాతికే సిగ్గుచేటను నర్థమిచ్చు ఉపశీర్షికను తగిలించి, నాయకుడురికంబమెక్కు వేఱొక ముగింపునుగూడ నిర్మాతలు తీయింపవలసివచ్చెను. 1934 లో జోసెఫ్ బ్రీన్ ఆధ్వర్యమున చిత్రపరిశ్రమ నీతినియమావళి కఠినముగ అమలుకాగా, దొంగను నాయకునిగ నిలుపుట దుష్కరమయ్యెను. మఱుసటి యేడు వార్నర్ సోదరులు 'జి మెన్' చిత్రమున ఆ కాగ్నీనే, ఆ వడివడి మాటతోను ఆ తెగువతోను, ప్రభుత్వపక్షమున తుపాకి పట్టించి బరిలోనికి దింపిరి.