మాట ఏం చేసింది?

“ఆడవాళ్లు ఉద్యోగాలు చెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదండీ. చెయ్యాలి కూడా. కాకపోతే పిల్లలు చిన్నవాళ్లు కదా, ఓ రెండేళ్లు ఆగమన్నాను.” ఈ ధోరణి మాట వినని తెలుగువాళ్లుండరు. ఈ పెద్దమనిషి గుమ్మంలోకి సర్వే కుర్రాడు ట్యాబు పట్టుకొచ్చి, స్త్రీలకు ఉద్యోగాల్లో సమాన అవకాశాలుండాలంటారా అని అడిగితే ‘గట్టిగా అంగీకరిస్తాను’ అన్న గడి మీదే వేలు పెడతాడు. అబద్ధమేమీ ఆడినట్టు కాదు. లోపల ఆవిడ ఉద్యోగం మానేసి కూర్చున్న మాటా నిజమే.

సామాజిక మనస్తత్వశాస్త్రం చాలాకాలం ఇలాంటి మనిషిని ఒకే తీరున చూసింది. మనిషి లోపల ‘వైఖరి’ అనేదొకటి స్థిరంగా ఉంటుందని, సరైన ప్రశ్నలు వేస్తే దాన్ని కొలవవచ్చని నమ్మింది. వైఖరుల్ని కొలవగలమని వాదిస్తూ 1928లో లూయీ థర్‌స్టన్ వ్యాసం రాశాడు. 1932లో రెన్సిస్ లైకర్ట్ తన కొలబద్దను తెచ్చాడు. ఇవాళ బ్యాంకువాళ్లు, ఆసుపత్రివాళ్లు మన ఫోనుకు పంపే ఐదు గడుల ప్రశ్నలన్నీ ఆ వంశంలోవే. రెండేళ్లకే, 1934లో, రిచర్డ్ లాపియేర్ ఈ నమ్మకానికి గండి కొట్టాడు. అమెరికాలో చైనీయులంటే చిన్నచూపు బాగా ఉన్న రోజుల్లో ఓ చైనా యువజంటను వెంటబెట్టుకుని ఆ దేశమంతా తిరిగాడు. 251 హోటళ్లు, భోజనశాలలు, బసల్లో అడుగుపెడితే పొమ్మన్నది ఒక్కచోట. తర్వాత అవే చోట్లకు ‘చైనీయుల్ని రానిస్తారా’ అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా రానివ్వమన్నారు.

దీన్ని చదివి కొందరు కొలబద్ద బాగోలేదన్నారు, కొందరు మనుషులు కపటులన్నారు. ఉత్తరానికి జవాబు రాయడం ఒక పని, పెట్టెలతో కౌంటరు ముందు నిలబడ్డ జంటకు గది తాళం ఇవ్వడం ఇంకో పని. ఏ సందర్భంలో ఏ మాట ఏ పని చేసిందో చూడాలన్న ఆలోచన బలం పుంజుకోవడానికి మాత్రం మరో యాభై ఏళ్లు పట్టింది.

1987లో జొనాథన్ పాటర్, మార్గరెట్ వెదరెల్ కలిసి ‘డిస్కోర్స్ అండ్ సోషల్ సైకాలజీ’ అనే పుస్తకం వేశారు. వైఖరి అన్న భావననే కాస్త పక్కన పెట్టి చూడమని అందులో ప్రతిపాదించారు. ఒకే మనిషి ఒకే ఇంటర్వ్యూలో పది నిమిషాల తేడాతో రెండు రకాలుగా మాట్లాడితే సర్వే చేసేవాళ్లకు అది తలనొప్పి. వీళ్లకు అదే అసలు ముడిసరుకు. అంతకుముందే, 1984లో, నైజెల్ గిల్బర్ట్, మైకెల్ మల్కే జీవరసాయన శాస్త్రజ్ఞుల మాటల్ని పరిశీలించి ఓ తమాషా బయటపెట్టారు. తమ సిద్ధాంతం గురించి చెప్పేటప్పుడు ప్రయోగాలే సత్యాన్ని చూపించాయంటారు. ఎదుటివాడి సిద్ధాంతం దగ్గరికొచ్చేసరికి వాడి మొండితనం, పేరు మీద వాడికున్న యావ, వాడి గురువు ప్రభావం వరసకట్టి వస్తాయి. కచేరీకి కూర్చున్న గాయకుడికి సిద్ధంగా ఉండే కృతుల్లాగా మాట్లాడేవాళ్లకూ సందర్భాన్నిబట్టి ఎత్తుకోవడానికి తయారుగా కొన్ని మాటల వరసలుంటాయి. వాటిని రెపర్టరీలు అన్నారు. పాటర్, వెదరెల్ ఈ ఆలోచనను అందుకుని న్యూజిలాండ్ తీసుకెళ్లారు.

అక్కడ యూరోపియన్ సంతతివాళ్లను పాకెహాలంటారు. మూలవాసులైన మావోరీల భూములు, భాష, 1840 నాటి వైతాంగి ఒప్పందం, 1981లో దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు వచ్చినప్పుడు రేగిన అల్లర్లు, వీటి గురించి పాకెహాలు మాట్లాడిన ఇంటర్వ్యూలే 1992లో వచ్చిన ‘మ్యాపింగ్ ద లాంగ్వేజ్ ఆఫ్ రేసిజమ్’కు ఆధారం. ఆ పుస్తకంలో నోరుజారి బూతులాడే జాత్యహంకారులకోసం వెతికితే నిరాశే. అందులో ఉన్నవాళ్లు మర్యాదస్తులు. మావోరీ సంస్కృతి గొప్పది, కాపాడుకోవాలి అంటారు. ఆ ‘కాపాడుకోవడం’ ఏం చేస్తుందో చూడండి. సంస్కృతిని పాత కాలపు వస్తువుగా చేసి అద్దాల బీరువాలో పెడుతుంది. భూమి, ఉద్యోగం, అధికారం అడిగే మావోరీ ఆ బీరువాలో ఇమడడు. ఇంకోచోట సంస్కృతి మందు అవుతుంది. మావోరీ కుర్రాళ్లు మూలాలు మరిచిపోయారు గనకే దారితప్పారు, మళ్లీ నేర్పితే బాగుపడతారు. ఆ లెక్కన లోపం కుర్రాడి దగ్గరే ఉంది, అతనికి ఉద్యోగమివ్వని ఊళ్లో లేదు.

ఇంటర్వ్యూల్లో పదేపదే వచ్చిన సూత్రాల్ని కూడా వాళ్లు ఏరి చూపారు. అందర్నీ సమానంగా చూడాలి. ఎవర్నీ బలవంతపెట్టకూడదు. తాతల తప్పులకు మనవల్ని శిక్షించలేం. కాలచక్రాన్ని వెనక్కి తిప్పలేం. కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు. ఆచరణలో ఏది వీలవుతుందో చూసుకోవాలి. విడివిడిగా చూస్తే ఒక్కదానితోనూ పేచీ పెట్టుకోలేం. ఆ బలంతోనే అవి ఉన్న అసమానతను ఉన్నచోటే ఉంచుతాయి. రిజర్వేషన్ల మీద తెలుగు టీవీ చర్చ ఒక్కటి విన్నవాళ్లకు ఈ జాబితాను అనువదించి చెప్పక్కర్లేదు. ఈ పద్ధతికున్న విలువ నాకిక్కడే తెలుస్తుంది. ‘నువ్వు జాత్యహంకారివా’ అని మనిషి గుండెలో టార్చిలైటు వెయ్యడం కన్నా, మంచి మాటలు చెడ్డ పని ఎలా చేసి పెడతాయో చూపడం ఎక్కువ ఉపయోగం.

ఇదంతా ఇంటర్వ్యూల మీద కట్టినది. ఇంకో పాయ మొదటినుంచీ ఇంటర్వ్యూలను నమ్మలేదు, అసలు సంభాషణనే టేపులో పట్టుకోవాలంది. దానికి ఆద్యుడు హార్వీ శాక్స్. 1960ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో ఆత్మహత్యల మీద అధ్యయనం జరిగేచోట పనిచేస్తూ, ఒక మానసిక వైద్యశాలకు వచ్చిన ఫోన్ కాల్స్ విన్నాడు. ఉద్యోగి తన పేరు చెప్పి పలకరిస్తే, ఎదుటివాళ్లూ సాధారణంగా తమ పేరు చెప్తారు. ఒక కాల్‌లో అవతలి మనిషి తనకు వినపడలేదన్నాడు. ఉద్యోగి మళ్లీ పేరు చెప్పాడు, అతను ఆ పేరునే తిరిగి పలికాడు, సంభాషణ ముందుకు సాగిపోయింది. తన పేరు చెప్పాల్సిన చోటు కాస్తా దాటిపోయింది. వినపడకపోవడం నిజమే కావచ్చు. పేరు చెప్పనని అనకుండానే చెప్పకుండా తప్పించుకునే దారి మాత్రం ఆ మాటే వేసింది. శాక్స్ 1975లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అతని ఉపన్యాసాలను టేపుల్లోంచి ఎత్తి రాసిపెట్టిన గెయిల్ జెఫర్సన్, సంభాషణ రాసే లిపి పద్ధతిని కూడా తీర్చిదిద్దింది.

ఆ పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే పనంతా అక్కడే ఉంది. మాటల మధ్య ఆగిన సమయాన్ని సెకనులో పదో వంతు దాకా కొలిచి బ్రాకెట్లో వేస్తారు. సాగదీసిన అక్షరం పక్కన చుక్కల జంటలు పడతాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎక్కడ ఢీకొన్నారో గుర్తు పెడతారు. పీల్చిన ఊపిరి, మింగిన నవ్వు, తగ్గించిన గొంతు, అన్నిటికీ చిహ్నాలున్నాయి. ‘రావాలనే:: ఉంది (0.7) కానీ’ అని రాస్తే, ఆ సెకను లోపు విరామంలోనే పిలిచినవాళ్లకు సంగతి అర్థమైపోయింది. గంట టేపు రాయడానికి పది గంటలకు తక్కువ పట్టదు, వివరంగా రాస్తే ఇరవై దాటినా ఆశ్చర్యం లేదు. రాశాక అసలు ప్రశ్నలు మొదలవుతాయి. ఈ మాట ఇక్కడే ఎందుకొచ్చింది? ఎదుటివాళ్లు దీన్ని ఏమని తీసుకున్నారు? ఆ సంగతి వాళ్ల తర్వాతి మాటే చెప్పాలి, పరిశోధకుడి ఊహ చెప్పకూడదు. ‘ఎప్పుడూ’, ‘అందరూ’, ‘ఒక్కనాడు కూడా’ లాంటి అతి మాటలు ఏ ఆరోపణకు కాపు కాస్తున్నాయో 1986లో అనిటా పొమరాంట్జ్ చూపింది. అత్తాకోడళ్ల తగువు దగ్గర ఓ పూట కూర్చుంటే ఈ సరుక్కి కొరతుండదు.

ఈ ఓపిక ఎందుకు పనికొస్తుందంటే, 1999లో సీలియా కిట్జింగర్, హానా ఫ్రిత్ రాసిన వ్యాసాన్ని చూపిస్తాను. అమ్మాయిలు ఇష్టం లేనప్పుడు ‘నో’ అని గట్టిగా, సూటిగా చెప్పాలని లైంగిక దాడుల నివారణ శిక్షణల్లో నేర్పేవారు. వీళ్లు అడిగింది వేరు. అసలు మనుషులు దేన్నైనా ఎలా కాదంటారు? ఒప్పుకోవడం చటుక్కున వస్తుంది. కాదనడం ఆలస్యంగా, తడబాటుతో, పొగడ్తతో, సాకుతో వస్తుంది. ఆ సాకు కూడా ‘నాకిష్టం లేదు’ అని ఉండదు, ‘నాకు కుదరదు’ అని ఉంటుంది. మనం పెళ్లి పిలుపుకు ‘రాను’ అని ఏనాడైనా అన్నామా? “అయ్యో, రాకుండా ఎలా ఉంటామండీ, ఆరోజే పెద్దాడి పరీక్ష పడింది, చూద్దాంలెండి” అంటాం. పిలిచినవాళ్లు భోజనాల లెక్కలోంచి మనల్ని తీసేస్తారు. ‘వద్దు’ అన్న పదం లేకుండానే వద్దన్నది అందరికీ అర్థమవుతుంది. ఒక్క పడకగది దగ్గరే మగవాడికి ఆ తెలివి మాయమైపోతుందంటే నమ్మాలా? 2006లో ఆస్ట్రేలియాలో యువకులతో జరిపిన చర్చల అధ్యయనం ఈ అనుమానాన్ని బలపరిచింది. ఆడపిల్ల పదం పలక్కుండా కాదన్నప్పుడు ఆ సూచనల్ని తాము ఎంత సూక్ష్మంగా పసిగడతారో ఆ కుర్రాళ్లే చెప్పుకొచ్చారు.

2017లో ఢిల్లీ హైకోర్టు ఒక అత్యాచారం కేసులో నిందితుణ్ణి విడుదల చేస్తూ, బలహీనమైన ‘నో’ ఒక్కోసారి ‘ఎస్’ కూడా కావచ్చన్న అర్థంలో వ్యాఖ్యానించింది. ‘నో అంటే నో’ అన్న వాదం మీద నిలబడ్డ సినిమా 2021లో తెలుగులో ‘వకీల్ సాబ్’గా వచ్చి జనంలోకి వెళ్లింది. న్యాయస్థానం గడప దాటించడానికి ఆ నినాదం కావాలి, కాదనను. కానీ కిట్జింగర్, ఫ్రిత్ వాదన ఇంకో మెట్టు పైకెళ్తుంది. ‘నో’ అన్న పదమే వినపడాలని పట్టుబట్టడం, మామూలు మనుషులు మామూలుగా కాదనే తీరును లోపంగా లెక్కగట్టడమే. దాంతో భారం మళ్లీ ఆడపిల్ల గొంతు మీదే పడుతుంది.

ఈ చూపు ఇంకోచోట ప్రాణాలకు సంబంధించింది. 1984లో అమెరికాలోని డాలస్‌లో ఒకాయన తన సవతి తల్లికి బాగోలేదని అంబులెన్సుకు ఫోన్ చేశాడు. నర్సు ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలడిగింది, రోగితో మాట్లాడతానంది, అతను విసిగి తిట్టాడు, ఆమె నొచ్చుకుంది, వాదన పెరిగింది. అంబులెన్సు ఆలస్యమై ఆ పెద్దావిడ చనిపోయింది. టేపు బయటికొచ్చాక నర్సుకు మానవత్వం లేదన్నవాళ్లున్నారు, అతనిది నోటిదురుసు అన్నవాళ్లూ ఉన్నారు. 1988లో జాక్ వేలన్, డాన్ జిమ్మర్‌మన్, మెరిలిన్ వేలన్ ఆ ఒక్క కాల్‌ను వరస తప్పకుండా చదివి వేరే సంగతి చెప్పారు. అంబులెన్సు అడగడం తన హక్కని, అడిగితే వచ్చేస్తుందని అతననుకున్నాడు. వివరాలు తేలాకే పంపాలా వద్దా అన్నది తేలుతుందని ఆమె అనుకుంది. అందుకే ఆమె ప్రతి ప్రశ్నా అతనికి అనుమానంలా వినిపించింది, అతని ప్రతి విసురూ ఆమెకు ఎగవేతలా వినిపించింది. 2005లో మన దగ్గర 108 మొదలైనప్పటినుంచి ఇలాంటి గొంతులు లక్షల్లో వినిపించి ఉంటాయి. ఎవరి స్వభావమెలాంటిదో తేల్చేకన్నా ఏ ప్రశ్న ఎప్పుడు అడిగితే అనుమానంలా తోచదో తేల్చితే ఎక్కువ మేలు.

లోపాలూ ఉన్నాయి. ఇంటర్వ్యూల్లోంచి నాలుగు వాక్యాలు ఎత్తిరాసి, వాటికో పేరు పెట్టి, ఇదే విశ్లేషణ అని చెప్పుకునేవాళ్లు ఎక్కువయ్యారు. 2003లో చార్ల్స్ అంటాకీ, మైకెల్ బిల్లిగ్, డెరెక్ ఎడ్వర్డ్స్, పాటర్ కలిసి ఈ సోమరితనాన్ని చీల్చి చెండాడారు. సారాంశం రాయడం, పక్షం పుచ్చుకోవడం, పుల్లవిరిచినట్టు ‘ఇదిగో ఇక్కడ ఫలానా టెక్నిక్’ అని చూపి ఊరుకోవడం, ఇవేవీ విశ్లేషణ కాదన్నారు. మనిషి లోపలి బాధను ఈ పద్ధతి పట్టించుకోదన్న ఫిర్యాదు కూడా ఉంది. అది పూర్తిగా న్యాయం కాదు. పిల్లల రక్షణ హెల్ప్‌లైనుకు వచ్చిన కాల్స్‌లో ఏడుపు ఎలా వస్తుందో, దానికి అవతలివాళ్లు ఎలా తగ్గి మాట్లాడతారో అలెక్సా హెప్‌బర్న్ చిహ్నాలతో సహా రాసిపెట్టింది.

గట్టి తగువు ఇంకొకటి. మాట్లాడేవాళ్లు తమ మాటల్లో పట్టించుకున్నట్టు కనపడితేనే కులం, లింగం, అధికారం గురించి మాట్లాడమని 1997లో శాక్స్ పాయకే చెందిన ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ పట్టుబట్టాడు. 1998లో వెదరెల్ కాదంది. ఆ మాటలు ఏ చరిత్రలోంచి వచ్చాయో చూడకుండా సగమే అర్థమవుతుందంది. మన ఊళ్లలో కొత్త మనిషిని “ఇంటిపేరేంటండీ?” అని అడుగుతారు. ఆ ప్రశ్నలో కులం ఊసు లేదు. ఒకాయన ఇంటిపేరుతో పాటు తామెవరో కూడా అడక్కుండానే చెప్పేస్తాడు. షెగ్లాఫ్ అడిగిన సాక్ష్యం అక్కడే దొరుకుతుంది. ఇంకొకాయన తండ్రి పేరు చెప్పి, కాస్త ఆగి, బస్సు ఎన్నింటికని అడుగుతాడు. ఆ ఆగడం ఎన్ని పదోవంతులో టేపు చెప్తుంది. ఎందుకు ఆగాడో తెలియాలంటే మాత్రం వెదరెల్ అన్నట్టు ఆ ఊరి చరిత్ర తెలిసుండాలి.